గాలి తిరిగే చేను

వరి దుబ్బుల రసం పీల్చి బతికే సుడిదోమ ఒకటి, కడుపుతో ఉండి, గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటూ, చెల్లెలిని వెంటేసుకుని ఒక వరిచేలో దిగింది. పైరు మధ్య బారుగా బాటలు తీసి ఉన్నాయి. వాటి వెంట గాలి తిరుగుతోంది, ఎండ దుబ్బుల మొదళ్ల దాకా దిగుతోంది. అక్కకు ఒళ్లు ఎండిపోతున్నట్టయింది. అంతలో గట్టుమీది గడ్డిలోంచి సాలీడు దూకి చెల్లెలి రెక్క పట్టుకుంది. అక్క ఎలాగో విడిపించి, చెల్లెలిని లాక్కుని ఎగిరిపోయింది.

"పాడు చేను!" అంది చెల్లెలు రొప్పుతూ.

"అలా అనకే. ఎంత గొప్ప చేను! ఎండనీ గాలినీ కాపలా పెట్టుకుంది. సాలీళ్లకు గట్టుమీద ఇల్లిచ్చింది. మందు చుక్క పడకుండానే మనల్ని తరిమేసింది."

అవి వెళ్లి దిగిన పక్కచేను పైరుతో కిక్కిరిసి, చీకటిగా, నిలవనీటితో ఉంది. గట్టు నున్నగా చెక్కేశారు. అక్క అక్కడే గుడ్లు పెట్టింది, అడ్డుకున్నవాళ్లు లేరు. సంతానం పెరిగేకొద్దీ పైరు సుడులు సుడులుగా ఎండిపోయి, చివరికి తినడానికే ఏమీ మిగల్లేదు.

ఆకలితో గాలికెక్కిన పిల్లలకు కింద మొదటి చేను నిండుగా కంకులు వంచుకుని కనిపించింది. అవి దిగబోయాయి.

"వద్దర్రా," అంది ముసలిదైపోయిన అక్క. "ఆ తల్లికి దణ్ణం పెట్టుకుని ముందుకు పదండి."