మూడో చెయ్యి

ఆ గ్రహం మీద పోలీసులకు మూడేసి చేతులు. మా టీవీ సీరియల్లో ఇన్‌స్పెక్టర్‌కున్న మూడింటిలో రెండు అతనివే. మూడోది నాది. అతని పొడుగు కోటు లోపల వీపుకు అతుక్కుని నిలబడి, ఆకుపచ్చ తొడుగు వేసుకున్న చేతిని అతని చంక కింద నుంచి బయటికి పెడతాను. ప్రేక్షకులకు ఆ చెయ్యంటేనే ముద్దు.

ఒకే కోటులో ఉంటున్నా మా ఇద్దరికీ ఆర్నెల్లుగా మాటల్లేవు. అయినా మూడు చేతులూ ఏనాడూ తడబడలేదు.

ఆ రోజు దొంగ దొరికే సీను. ఇన్‌స్పెక్టర్ డైలాగు చెబుతుంటే మూడో చెయ్యి తుపాకీ గురిపెట్టాలి. ఇంతలో ఆ గ్రహం గాలిలా కనబడాలని సెట్లో వదిలిన పొగ అతని గొంతులోకి పోయింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నా చెయ్యి నన్నడక్కుండానే తుపాకీ పారేసి, అతని గుండెల మీద నిమరడం మొదలుపెట్టింది. చేతులెత్తాల్సిన దొంగ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

"కట్!" అని డైరెక్టర్ అరిచాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"అదిరింది! వీళ్ళకి మూడో చెయ్యి ఎందుకుందా అని ఇన్నాళ్ళూ బుర్ర బద్దలు కొట్టుకున్నా. ఇప్పుడు తెలిసింది. ఇదే ఉంచేద్దాం!"

కోటు గుండీలు విప్పుకుంటూ ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"రేపు కోర్టులో మన విడాకుల వాయిదా. వెళ్తున్నావా?"

"ఏం, నువ్వు రావా?"

"దగ్గు తగ్గందే ఎలా వస్తాను?" అన్నాడు మా ఆయన, దగ్గు జాడే లేని గొంతుతో.