వదిన కోసం చేసిన బ్రాకెట్

"కొంప మునిగిందే అమ్మాయ్! బ్రాకెట్ పగిలింది. గబగబా ఇంకోటి చేసిపెట్టవూ?"

వదిన పరుగున వచ్చి బెంచీ ముందు నిలబడేసరికి మరదలు తుడుస్తున్న రిమోట్ పక్కన పెట్టేసింది. ఇంకో నలభై నిమిషాల్లో ఫైనల్. రిమోట్ ట్రక్కులతో రాళ్ళెక్కించే పోటీలో చివరికి మిగిలింది వాళ్ళిద్దరే. గెలిచినవాళ్ళు ఒక్కరే పెద్ద పోటీకి వెళ్తారు. పోయిన రెండుసార్లూ వెళ్ళింది వదినే. మరదలు రెండుసార్లూ అందరితోపాటు చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి తలుపేసుకుంది.

"ఎక్కడ పగిలింది?"

"మడత దగ్గర. సన్నగా, వెంట్రుకలాగా."

"నేను చేసింది పగలడమేంటి? స్క్రూలు బిగించడం చేతకాక నువ్వే విరగ్గొట్టి ఉంటావు. బండి తోలడం తెలియనివాళ్ళకి ఎంత బాగా చేసిచ్చినా ఇంతే."

"సరేలే, నా చేతులే మంచివి కావు. ఇంతకీ చేస్తావా, చెయ్యవా?"

చెయ్యనంటే పోటీ జరిగే ఆ గోడౌన్లో ఉన్న పదిమందీ ఏమనుకుంటారు? అక్కడి ట్రక్కులన్నింటికీ బ్రాకెట్లు చేసేది మరదలే. నేమ్‌ప్లేట్ల దుకాణంలో రేకులు కోసి కోసి చెయ్యి తిరిగిన మనిషి. ముందు చక్రాలను అటూ ఇటూ తిప్పే చిన్న మోటారు ఉంటుంది, సర్వో అంటారు. దాన్ని కదలకుండా పట్టి ఉంచేది ఈ బ్రాకెట్టే. చూడబోతే పిడికిట్లో దాగే అల్యూమినియం ముక్క. అది విరిగితే మాత్రం ట్రక్కు ఎటు పోతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

"కొలతలు చెప్పు."

"నీ బండి కొలతలే. రెండింటికీ సర్వో ఒకటేగా!" అనేసి వదిన ట్రక్కులు పెట్టిన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

మరదలు రేకు కోసింది. నాలుగు గుర్తులు పెట్టి, డ్రిల్లుతో నాలుగు బెజ్జాలు వేసింది. ఆకురాయితో అంచులు అరగదీసింది. మడత నీటుగా రావాలంటే లోపలివైపు రంపంతో పైపైన ఒక్క గీత గీయడం ఆమె అలవాటు. గీసింది. అక్కడితో చెయ్యి తీసేయాలి. తియ్యలేదు. రంపాన్ని ఇంకోసారి లాగింది. మరోసారి లాగింది. గీత రేకు మందంలో సగం దాకా దిగింది.

దాన్ని పారేసి ఇంకోటి చెయ్యొచ్చు. రేకు ఉంది, టైమూ ఉంది. అయినా పారెయ్యలేదు. బెంచీకున్న వైసులో బిగించి మెల్లగా మడిచి, గీత కనబడకుండా నల్ల మార్కరు రుద్దింది. ట్రక్కులు దాటాల్సిన పది గేట్లలో మూడోదాని దగ్గర నిలువు బండ ఉంది. అక్కడ ఇది పుటుక్కుమంటుంది. పదిమందీ వదిన తోలడాన్నే ఆడిపోసుకుంటారు గానీ బ్రాకెట్‌ని ఎవరూ అనరు.

"అబ్బ, ఎంత ముద్దుగా చేశావే! నీ చేతికి దండం పెట్టాలి," అంది వదిన, దాన్ని అందుకుని.

మరదలు ఆ మొహంలోకి చూడలేకపోయింది. వదిన దాన్ని బిగించేదాకా అక్కడ నిలబడటం కూడా ఆమెవల్ల కాలేదు. నీళ్ళు తాగే వంకతో బయటపడి, గోడౌన్ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చెప్పేద్దామని గుమ్మం దాకా వచ్చింది, మళ్ళీ వెనక్కి పోయింది. ఏమని చెప్పాలి? నిన్ను ఓడించాలని రంపం ఇంకో రెండుసార్లు ఎక్కువ లాగానని చెప్పాలా? సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అంతలో లోపల ఈల మోగింది.

ముందు వదిన వంతు.

మొదటి గేటు దాటింది. రెండోదీ దాటింది. మూడో గేటు దగ్గర ట్రక్కు ముక్కు పైకెత్తి, నిలువు బండ మీద ముందు చక్రాలు ఆనించగానే మరదలి చెయ్యి చొక్కా బొత్తాం మీదికి పోయింది. పొద్దున అది ఊడిపోతే కుట్టి పెట్టింది ఈ వదినే.

"వదినా, ఆపు! ఒక్క నిమిషం ఆపు!"

"ఉండవే, తర్వాత!" అంది వదిన, ట్రక్కు మీంచి కళ్ళు తిప్పకుండా.

ట్రక్కు బండెక్కేసింది. నాలుగు, ఐదు, ఆరు... పదో గేటు కూడా దాటి బుద్ధిగా నిలబడింది. ఎక్కడా తడబడలేదు.

మరదలు స్టూలు మీద కూలబడింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బతికించావు దేవుడా అనుకుంది. తాను కోసిన కోతకంటే ఆ అల్యూమినియమే మొండిది కాబోలు. పోటీ అవగానే ఏదో ఒక సాకు చెప్పి దాన్ని ఊడదీయించాలి, దాని స్థానంలో వెయ్యేళ్ళు ఉండేది చేసివ్వాలి. అలా అనుకున్నాక ఊపిరి ఆడింది. రిమోట్ తీసుకుని, బండి బయల్దేరే గీత దగ్గర నిలబడింది.

ఈల మోగింది. ఇంత హాయిగా ఆమె ఎప్పుడూ బండి తోలలేదు. మొదటి గేటు, రెండో గేటు. వదినకంటే పది సెకన్లు ముందుంది. మూడో గేటు దగ్గర ట్రక్కు ముక్కు పైకెత్తింది.

పుటుక్కుమంది.

ముందు చక్రాలు రెండూ ఒక పక్కకి వాలిపోయాయి. ట్రక్కు బండ మీంచి దొర్లి వెల్లకిలా పడింది. అందరికంటే ముందు పరుగెత్తింది వదినే. ట్రక్కును ఎత్తి, బంపరు కిందికి తొంగిచూసి, లబోదిబోమంది.

"తప్పు నాదేనే తల్లీ, బిగించడం చేతకానిదాన్ని! పగిలింది నీ బండి బ్రాకెట్టే, చెబితే ఒప్పుకోవని నాదని అబద్ధమాడి, నువ్వు చేసిన కొత్తదాన్ని నీ బండికే బిగించాను!"