ఎడారిలో మంచు మేస్త్రి

“తొమ్మిదికి విమానం దిగతాది. అంతవరకూ ఈ మంచు కరగగూడదు. కరిగిందా, ఇంటికి పోయే నీ చుట్టీ ఖలాస్,” అన్నాడు ఫోర్‌మన్ అల్లాబకాష్.

రాజలింగం ముందు యాభై లారీల మంచు దిమ్మెలున్నాయి. వెనక ఎడారి. నెత్తిన మే నెల. అప్పటికింకా తెల్లవారుజామున అయిదే.

“మంచు మీద ఇమానం దిగుడేంది భాయ్? గట్లెక్కడన్న ఉంటదా?”

“అది చలిదేశపోళ్ల విమానం రా. ధ్రువాల కాడ మంచులో తిరిగేదానికే చేసినారంట. మామూలు విమానం మాదిరి మైలు పొడుగు రన్‌వే అక్కరలేదు. ఇంత జాగా ఉంటే చాలు, దిగతాది, లేస్తాది. మన షేకు కొందామని చూస్తా ఉండాడు. ‘మంచు మీద దిగతాదంటిరి గదా, ఏదీ, దించి చూపించండి’ అన్నాడు.”

“మంచున్న కాడికే పోయి చూడరాదా మరి?”

“ఆ మాట షేకుతో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

ఇద్దరిలో ఎవరూ చెప్పేవాళ్లు కారు.

“విను. మన కంపెనీ మేనేజరు, ఆ ముదీర్, నోటి మాటిచ్చినాడు,” అని అల్లాబకాష్ గొంతు తగ్గించాడు. “షేకు ఈ విమానం కొన్నాడంటే నీ పాస్‌పోర్టూ టిక్కెట్టూ నీ చేతిలో పెడతాడు. కొనలేదా, ఇంకో మూడేండ్లు ఈడనే.”

జగిత్యాల పక్క పల్లెలో, రాజలింగం ఫొటోలో తప్ప చూడని కూతురికి రెండేళ్లు దాటాయి.

అతను బండలు పరిచే మేస్త్రి. కాసేపు మంచు దిమ్మెల చుట్టూ తిరిగాడు. వాటిని చల్లటి షాబాదు బండలనుకుంటే తెలియని పని ఏదీ లేదనిపించింది. దారం కట్టి దిమ్మెలను బారుగా పరిపించాడు. సందుల్లో మంచుపొడి కూరి తాపీతో నున్నగా గీశాడు. ఊళ్లో ఐసుగడ్డలు అమ్మేవాళ్లు చేసినట్టే వడ్రంగి షెడ్డు నుంచి రంపపు పొట్టు తెప్పించి మందంగా కప్పించాడు. దాని మీద తడిపిన గోనెసంచులు.

“అన్నా, జర రెండు నిమిషాలు దీని మీద పండుకుంటనే,” అన్నాడు దిమ్మెలు మోస్తున్న అతని ఊరివాడు ఆశన్న. అతని అంగీ జేబు అప్పటికే మంచుముక్కతో ఉబ్బి, ధారగా కారుతోంది.

“పండుకుంటే నీ ఒంటి వేడికి గుంత పడ్తది. లే!”

“అబ్బో! మీ ఇల్లు కట్టేటప్పుడు గూడ గింత సక్కదనం చెయ్యకపోతివి.”

అది నిజమే. మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి మట్టం చూసుకుంటున్నప్పుడు రాజలింగానికి విచిత్రంగా అనిపించింది. చుట్టీ కోసం మొదలుపెట్టిన పని, ఎప్పుడో ఏమో, పని కోసమే సాగుతోంది. గంట సేపటి నుంచి కూతురు గుర్తుకే రాలేదు. అందుకు సిగ్గుపడి, ఆ సిగ్గుతోనే ఇంకో సందు పూడ్చాడు.

తొమ్మిదికి పది నిమిషాలుండగా షేకు కార్లు వచ్చాయి. గోనెలు లాగేశారు, పొట్టు ఊడ్చేశారు. ఎడారి మధ్య రెండు వందల గజాల మంచు ధగధగా మెరిసింది. ఎవరో “యా అల్లా!” అన్నారు.

విమానం పొట్టిగా, బొద్దుగా వచ్చింది. ఇంజన్లు రెండూ రెక్కల మీద చెవుల్లా నిక్కబొడుచుకుని ఉన్నాయి. గిరుక్కున తిరిగి, మంచు మీద వాలి, పగ్గం లాగిన ఎద్దులా ఆగిపోయింది. ముందు ఇంకా ఇరవై అడుగుల మంచు మిగిలే ఉంది. ఒక్క దిమ్మె కదల్లేదు.

తలుపు తెరుచుకుంది. పైలట్ బనియనుతో, ఉడికిన రొయ్యలా ఎర్రగా దిగాడు. చలి తగలకుండా చేసిన విమానంలో ఈ ఎండకు ఏమయ్యాడో ఆ ముఖమే చెబుతోంది. మూడడుగులు వేసి, చేతులు చాపి, మంచు మీద బోర్లా పడుకున్నాడు. అది వాళ్ల దేశపు సలాం కాబోలనుకుని షేకు మర్యాదగా తలవంచాడు. వెనకున్న వాళ్లందరూ వంచారు.

తర్వాత షేకు మంచు మీద నడిచాడు. ఒకసారి జారాడు, పక్కవాళ్లు పట్టుకున్నారు, పకపకా నవ్వాడు. మళ్లీ కావాలనే జారాడు. ముదీర్‌తో చాలాసేపు మాట్లాడాడు. దూరం నుంచి రాజలింగానికి చేతులు ఊగడం తప్ప ఏమీ తెలియలేదు.

అల్లాబకాష్ పరుగెత్తుకొచ్చాడు. “కొనేసినాడు! అక్కడికక్కడే కొనేసినాడు!”

రాజలింగం తాపీ వదిలేసి తడి గోనెల మీద కూలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు. ఆశన్న అతని నెత్తిన దోసెడు మంచుపొడి పోశాడు.

“నా పాస్‌పోర్టు, భాయ్?”

“ముదీర్ జేబులోనే ఉండాది. ఇచ్చేదానికే తెచ్చినాడు, పాపం.” అల్లాబకాష్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. “చేయి జేబులో పెట్టినాడు గూడా.”

“పెట్టి?”

“మామూలు నేల మీద గూడా దిగతాదని ఆ పైలటు ఎంత చెప్పినా షేకు వింటేనా! రేపట్నుంచి దినామూ పొద్దున తొమ్మిదికి ఈ విమానంలోనే వస్తాడంట, మంచు మీదనే దిగతాడంట.”