పోత నాణేలు

మూడో నాణెం కూడా ఎడమవైపు కుప్పలోకే వెళ్ళింది.

కూతురు కుర్చీలో ముందుకు జరిగింది. కుడివైపు ఇంకా ఒక్కటీ చేరలేదు. వ్యాపారి నాలుగోదాన్ని అంచులు మాత్రమే తాకేలా రెండువేళ్ళ మధ్య పట్టుకుని, కంటికి భూతద్దం ఆనించి, దీపం కింద నెమ్మదిగా తిప్పాడు. ఆ పట్టుకునే తీరు చూసి ఆమెకు ఒళ్ళు మండింది. ఆయనా అచ్చం ఇలాగే పట్టుకునేవాడు.

ఆయనంటే తండ్రి. పోయి ఏడాదైంది. ఎవరి దగ్గర పాత నాణెం దొరికినా ఆయన దగ్గరికే తెచ్చేవారు. అరుగుదల ఎంత, తోమారా, ధర ఎంత పలుకుతుంది అన్నది చూపుతోనే చెప్పేవాడు. తన నాణేలు దాచుకున్న మఖమలు పెట్టె మాత్రం ఎవరికీ అందనిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు తడి చేత్తో ముట్టుకున్నందుకు కూతురి చెంప వాచేలా కొట్టాడు. పెద్దయ్యాక ఆమెకు నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. ఒక్క నాణెం అమ్మితే ఫీజుకు సరిపోతుందని కాళ్ళావేళ్ళా పడింది. పెట్టె జోలికి రావద్దన్నాడు. పక్కనే ఉన్న తల్లి నోరు మెదపలేదు. ఆ రోజు నుంచి కూతురు ఆయన్ని నాన్నా అని పిలవడం మానేసింది. ఇప్పుడు బట్టల దుకాణంలో బిల్లులు కొడుతోంది.

పెట్టె అమ్మేసి తల్లికి రెండు గదుల ఇల్లు కొనాలన్నది ఆమె పట్టుదల. ఉండనీయవే, ఆయన గుర్తుగా ఉంటాయని తల్లి అంటే, ఆయన గుర్తులు నా చెంప మీద చాలా ఉన్నాయంది. నలుగురినీ అడిగి, నాణేలు కొనే కొట్లలో ఊళ్ళోకెల్లా పాతది ఇదేనని తెలుసుకుని తల్లిని వెంటబెట్టుకొచ్చింది.

వ్యాపారి చిన్న త్రాసులో నాణేలన్నీ తూచి, భూతద్దం పక్కన పెట్టాడు.

“చెప్పడానికి బాధగా ఉందమ్మా. ఇవి అచ్చు కొట్టినవి కావు. పోత పోసినవి.”

ఆమెకు అర్థం కాలేదు. వ్యాపారి దగ్గరికి పిలిచి చూపించాడు. అసలు నాణెం మీద అక్షరాలు చెక్కినట్టు నిలబడతాయి. వీటి మీద వాడిన సబ్బు మీద పేరులా మెత్తబడ్డాయి. అక్కడక్కడ సూదిమొనంత గుంటలు. అంచు చుట్టూ రెండు మూసలు కలిసిన చోట సన్నని గీత. తూకమూ తక్కువే. పైన బంగారు పూత, లోపల ఇత్తడి.

కూతురు నవ్వింది. వినడానికి బాగాలేని నవ్వు.

“అయితే ఆయన జీవితమంతా కాపలా కాసింది గిల్టుకన్నమాట. ఊరందరి నాణేలకూ విలువ కట్టిన మనిషి!”

వ్యాపారి ఒక నాణెం మళ్ళీ చేతిలోకి తీసుకుని, రాజు చెవి కింద ఉన్న గాటు దగ్గర ఆగిపోయాడు.

“ఈ గాటు నాకు తెలుసు. దీని అసలుది నేనే కొన్నాను” అన్నాడు. అసలు నాణెంతోనే మూస తీయించి ఉంటారని, అందుకే గాటుతో సహా దిగిందని చెప్పాడు. “మీ నాన్నగారు బాగా పొడుగు, ఎడమచేత్తో సంతకం చేసేవారు. అవునా?”

కూతురు తలూపింది.

పాతికేళ్ళ పైమాటేనని వ్యాపారి గుర్తు చేసుకున్నాడు. మంచి నాణేలన్నీ ఒకేసారి తెచ్చి, బేరమైనా ఆడకుండా ఇచ్చేశాడట. ఇంత గొప్పవి ఎలా వదులుకుంటున్నారని తానే అడిగాడట.

“అమ్మగారు పాపను ఎత్తుకుని గుమ్మం బయట ఎండలో నిలబడ్డారు. మీ నాన్నగారు వెళ్ళి ఆ పాప బుగ్గ నిమిరి, ఈ బంగారం ముందు ఆ బంగారం ఎంతండీ అన్నారు. పిల్ల కోసమే అమ్ముతున్నానన్నారు. ఆ పాప మీరేనన్నమాట.”

కూతురు తల్లివైపు తిరిగింది. తల్లి బల్ల మీది ఇత్తడి బిళ్ళలనే చూస్తోంది.

“నిజమా అమ్మా? నాకోసం అమ్మారా?”

తల్లి కూతురి పెదవులు వణకడం చూసింది.

“నీకప్పుడు ఏడాది కూడా నిండలేదు” అంది చివరికి. “ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. బతకవన్నారు. నీకు ఎప్పటికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు.”

“అందుకేనా నా ఫీజు రోజున నువ్వు నోరు మెదపలేదు? అమ్మడానికి పెట్టెలో ఏముందని? ఎవరైనా ముట్టుకుంటే తెలిసిపోతుందనేగా దగ్గరికి రానివ్వలేదు. నేనేమో నాన్న పోయేదాకా ఆయనతో మాట్లాడలేదు.”

ఇన్నేళ్ళకు ఆ నోట నాన్న అన్న మాట వచ్చింది. ఆమె బల్ల మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి వీపు నిమురుతూ కూర్చుంది. తల్లి కళ్ళలో మాత్రం నీళ్ళు లేవు.

గిల్టు నాణేలకు ఎంతోకొంత ఇస్తానని వ్యాపారి అన్నా, కూతురు ఒప్పుకోలేదు. ఒక్కొక్కటీ కొంగుతో తుడిచి, అంచులు పట్టుకుని పెట్టెలో సర్దింది. అటక మీద పడేసిన నాన్న ఫొటో ఈ రోజే దించి తన గదిలో పెట్టుకుంటానంది. తల్లి సరేనంది.

వ్యాపారి గుమ్మం దాకా సాగనంపాడు.

“అప్పటికీ ఇప్పటికీ చాలా మారిపోయారమ్మా. అసలు గుర్తుపట్టలేకపోయాను” అన్నాడు తల్లితో.

“వయసు మీద పడింది కదండీ” అందావిడ.

ఆ కొట్టు గుమ్మం దగ్గరికి ఆవిడ రావడం జీవితంలో అదే మొదటిసారి.