ఆఖరి పడవలో

మే నెలాఖరుకి మాల్వణ్ సముద్రపు ఒడ్డున నీటి ఆటలు బంద్. పడవలన్నిటినీ ఇసుక మీదికి లాగి కొబ్బరి మట్టలు కప్పేస్తారు.

ఆ ముందు రోజు రేట్లు సగానికి సగం పడిపోతాయి.

సదానంద్ ఖోత్ ఏరికోరి ఆ రోజే భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని దిగాడు. గఢింగ్లజ్‌లో గుమాస్తా ఉద్యోగం ఆయనది. బస, చేపల కూర భోజనం, పడవ షికారు అన్నీ కలిపి ఫోన్‌లోనే బేరమాడి పెట్టుకున్నాడు.

దుబారా మనిషి కాదు. కానీ సముద్రంలో చేపలు చూపిస్తానని కూతురు ముగ్ధకు మాట ఇచ్చాడు.

బడి పిల్లలందరినీ సముద్రానికి తీసుకెళ్ళిన మాస్టార్లు, కాలు సరిగా లేదని ముగ్ధ ఒక్కదాన్నే ఇంట్లో వదిలేశారు. తిరిగొచ్చిన పిల్లలు రంగు చేపల కబుర్లు చెబుతుంటే ముగ్ధ అన్నం మానేసింది. ఆ కోపం సదానంద్‌కి ఇంకా చల్లారలేదు.

పడవ రాతి దిబ్బ దగ్గర ఆగింది. కళ్ళకు అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని, ట్యూబు మీద బోర్లా పడుకుని ముఖం నీళ్ళలో ముంచాలి. అడుగున చేపలు కనిపిస్తాయి. ఒక్కొక్కరికీ ఒక్కో వంతు. ముగ్ధది అందరికంటే చివర.

ఇంకా ఇద్దరు మిగిలారనగా గాలి తిరిగింది.

"ఇంకొక్కరితో సరి. తర్వాత ఒడ్డుకే" అన్నాడు పడవ యజమాని బబన్ కుబల్.

సదానంద్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. పడవ ముందు భాగానికి వెళ్ళి బబన్‌ని నిలదీశాడు. చవక బేరమని చిన్నచూపా అన్నాడు. పాపకు చూపించకుండా పడవ కదిలితే ఊరుకోనన్నాడు. ప్రాణాల మీదికి తెచ్చుకోలేనని బబన్ మొండికేశాడు.

వెనక్కి తిరిగేసరికి ముగ్ధ నీళ్ళలో ఉంది.

పక్కన తలకు తువ్వాలు చుట్టుకున్న నెరిసిన జుట్టు మనిషి. పొద్దుట పడవ ఎక్కేటప్పుడు ఆడవాళ్ళకు చెయ్యి అందించి, అందరి సంచులూ పైకి చేర్చింది అతనే. ఇప్పుడు ఒక చేత్తో ట్యూబునూ, ఇంకో చేత్తో పడవ నిచ్చెననూ పట్టుకుని ఉన్నాడు.

గట్టిగా అడిగితే గానీ ఈ లోకంలో పని జరగదని సదానంద్ భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు.

అంతలోనే మళ్ళీ మండింది.

"ఆ నిచ్చెన వదలవేం? పాపను కాస్త అవతలికి తీసుకెళ్ళు."

ఆ మనిషి తల అడ్డంగా ఊపాడు.

"జీతం తీసుకుంటున్నావుగా, ఒళ్ళు వంచడానికేం?"

ముగ్ధ తలెత్తి, పసుపు చారల చేపలు గుంపులు గుంపులుగా పోతున్నాయని చెప్పింది. ఆ మనిషి నవ్వాడు. సదానంద్ మాత్రం నిచ్చెన వదలని ఆ చేతినే గుర్రుగా చూస్తూ కూర్చున్నాడు.

ఒడ్డు దగ్గర మోకాలి లోతు నీళ్ళలో ముగ్ధను ఆ మనిషే వీపున మోశాడు. ఎలాగూ వస్తున్నాడు కదా అని సదానంద్ తమ సంచి కూడా అతని భుజానికి తగిలించాడు.

"కాకా, మీరు కూడా చూశారా?" అంది ముగ్ధ దిగుతూ.

"నువ్వు చెబుతుంటే విన్నాగా తల్లీ."

అతను తువ్వాలు పిండుకుని, బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

సదానంద్ నేరుగా బబన్ దగ్గరికి నడిచాడు. పనివాళ్ళంటే ఇలాగేనా ఉండేది అన్నాడు. నిచ్చెన పట్టుకుని వేలాడేవాడికి పైసా కూడా ఇవ్వనన్నాడు. వచ్చే ఏడాదైనా సరైన మనిషిని పెట్టుకోమన్నాడు.

బబన్ తాడు చుట్టడం ఆపి అయోమయంగా చూశాడు.

"నా మనిషా? నా దగ్గర ఉన్నది ఆ లంగరు మోస్తున్న పింట్యా ఒక్కడే సార్."

"మరి ఆ తువ్వాలు చుట్టుకున్నాయన?"

ఆయన ఎక్కిన సాంగ్లీ బస్సు అప్పటికే మలుపు తిరిగి కనుమరుగైంది.

"జత్ వైపు కరువు పల్లె ఆయనది. సముద్రం చూడ్డం ఇదే మొదటిసారట, ఈత కూడా రాదు. ఆ మిగిలిన ఒక్క వంతూ ఆయనదే సార్, మీ పాపకిచ్చేశాడు."