పెట్టె అడుగున చీటీ

కుట్టుమిషను తొక్కుతున్న కోడలి కాలు ఠక్కున ఆగిపోయింది.

లోపలి గదిలో ఉయ్యాలకు ఎదురుగా పెట్టిన కెమెరా, ఆమె ఫోన్‌లో చూస్తుండగానే, దానంతటది మెడ తిప్పింది.

"అత్తయ్యా, మీరేమన్నా కదిపారా?"

"నాకెందుకమ్మా దాని జోలి? ఇక్కడ కూర తరుగుతుంటే!"

మూడు రోజులుగా కెమెరాది ఇదే వరస. చంటిది కదిలితే చాలు, కోడలు ఇక్కడినుంచే ఫోన్‌లో "ఏడవకు బంగారూ" అంటుంది. ఆ మాట అక్కడ కెమెరాలోంచి పాపకు వినబడుతుంది. ఇన్నాళ్ళూ అదెంతో సుఖంగా ఉండేది. ఇప్పుడు దాన్ని చూస్తేనే ఒళ్ళు జలదరిస్తోంది.

తలుపు చప్పుడైంది.

బక్కపలచటి మనిషి. కళ్ళద్దాలు, భుజాన సంచి. చూపంతా లోపలి గది వైపే.

"అమ్మా, మీ ఇంటర్నెట్ పెట్టె పాస్‌వర్డ్ మార్చుకున్నారా?"

"నీకెందుకు?"

"ఉయ్యాల దగ్గర కెమెరా ఉంది కదమ్మా. వెంటనే మార్చండి. ఆ పాతది ఎవడైనా ఇట్టే కనుక్కుంటాడు."

కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఉయ్యాల సంగతి ఇతనికెలా తెలుసు?

"ఎవరు నువ్వు?"

అతను నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని తల దించుకున్నాడు.

అత్తగారు చీపురు అందుకుంది. "వీడే! మూడు రోజులుగా కెమెరాని తిప్పుతున్నది వీడే! రండర్రా!"

వీధి వీధంతా వచ్చి పడింది. తలా ఒక దెబ్బ వేశారు. కళ్ళద్దాలు కిందపడి ముక్కలయ్యాయి. సంచి ఎక్కడో పడింది.

పోలీసు జీపు ఎక్కిస్తున్నా అతనిది అదే గోల. "పెట్టె అడుగున చీటీ మీదున్న పాస్‌వర్డే అయితే ఇప్పుడే మార్చెయ్యండి తల్లీ!"

"చూశావుటే, ఇంకా మనకే బుద్ధులు చెబుతున్నాడు!" అంది అత్తగారు.

పీడ వదిలిందనుకుని కోడలు మళ్ళీ మిషను ముందు కూర్చుంది.

గంట గడవలేదు. చంటిది కదిలింది. కోడలు ఫోన్ అందుకోబోయింది.

"ఏడవకు బంగారూ..."

మగగొంతు. రోజూ ఆమె అనే మాటే, ఆమె సాగదీసే తీరులోనే. వెనకే చిన్న నవ్వు.

కోడలు పరుగున వెళ్ళి పాపను గుండెకు హత్తుకుంది. కెమెరా ఆమెతోపాటే మెడ తిప్పింది.

అత్తగారు వైరు పట్టి పీకేసింది.

"వాడు... స్టేషన్‌లో ఉన్నాడు కదటే?"

కోడలు ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసింది.

సాయంత్రం కంపెనీ నుంచి వచ్చినావిడ పెట్టెను తిరగేసి చీటీ చూసింది. "ఇదే పాస్‌వర్డ్ ఇంకా వాడుతున్నారా? తలుపుకి తాళం వేసి, తాళంచెవి దానికే వదిలేసినట్టుందండీ!" అంటూ కొత్తది పెట్టించింది. "పెట్టె బిగించినాయన మార్చుకోమని చెప్పలేదా?"

"ఏమోనమ్మా. అప్పుడు కోడలు కాన్పుకని ఆసుపత్రిలో ఉంది. టీవీలో పెళ్ళి సీను వస్తోంది. నేనతని మొహం కూడా చూళ్ళేదు."

కోడలు స్టేషన్‌కు ఫోన్ చేసింది.

"ఇందాకే వదిలేశాం. కళ్ళు సరిగా ఆనక గోడలు తడుముకుంటూ పోయాడు. ఎటు పోయాడో తెలీదు."

గుమ్మం పక్కన చెప్పుల వెనకాల సంచి కనబడింది. అందులో నోటుపుస్తకం. వరసగా ఇంటి నంబర్లు, చాలావాటికి టిక్కులు. తమ నంబరు పక్కన 'ఉయ్యాల గది, కెమెరా' అని ఉంది. టిక్కు లేదు. ఆ కింద పేజీ నిండా టిక్కు పడని ఇళ్ళే.

ఆమె మొదటి పేజీకి తిప్పింది. పైన 'తొందరలో నేను పాస్‌వర్డ్ మార్చకుండా బిగించిన పెట్టెలు' అని రాసి ఉంది, దాని కింద మొట్టమొదటి వరుసలో, 'మా ఇల్లు. అమ్మాయి గది. నేను మార్చేసరికే ఆలస్యమైపోయింది.'