ప్రెసిడెంటు గారి జీతగాడు

ఊరి జనమా, దొంగకు కాపలా కాస్తున్నది మీరే. ఊరి బావి నిధులతో సొంత చేలో బావి తవ్వుకున్న మాజీ ప్రెసిడెంటు కొండయ్య పదవికి పనికిరాడని మార్కాపురం కోర్టు తేల్చితే, మీరేం చేశారు? ఆయన గొర్రెలు కాసే జీతగాడు యల్లయ్యను ఏకగ్రీవంగా కుర్చీ ఎక్కించారు!

మీరంతా కూర్చున్న పంచాయతీ మొదటి సమావేశానికీ కొండయ్యే వచ్చి, యల్లయ్య ముందుకు కాగితం తోశాడు.

"ఆ బావి నాదేనని తీర్మానం. ఏలిముద్ర ఎయ్‌రా."

"సదివించు సామీ."

"నీకెందుకురా అయ్యన్నీ? పోయి మంద తోలుకో."

"మంద నీది, నువ్వే తోలుకో. మా ఆడోళ్లు నీళ్లకు గుండ్లకమ్మ ఏటి దాకా పోతాండారు."

యల్లయ్య గుమాస్తా వైపు తిరిగాడు.

"రాసుకో నాయనా.

బావి కంచె పీకాల.

అన్ని కులాలోళ్లూ తోడుకోవాల.

జీవాలకు తొట్టి కట్టాల.

నన్ను ఎన్నుకున్నోళ్లంతా ఇప్పుడు చెయ్యెత్తాల."